కంప్యూటరు పరకాయ ప్రవేశం

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోగాని, ఢిల్లీ నెహ్రూ ప్లేసులోగాని, చెన్నై రిచీ స్ట్రీటులోగాని మరమ్మతుకు వచ్చిన కంప్యూటరును విప్పి చూసిన మెకానిక్కు నోట తరచుగా రెండు మాటలు వినవస్తాయి. "మదర్‌బోర్డు పోయిందండీ" అన్నది మొదటిది. "కొత్తది వేసి, ఫార్మాట్ చేసి ఇస్తాం" అన్నది రెండవది. మొదటి మాటకు యజమాని జేబు తడుముకుంటాడు. రెండవ మాటకు తల ఊపి ఊరుకుంటాడు. నిజానికి అతడు ఉలిక్కిపడవలసింది ఆ రెండవ మాటకే.

ఫార్మాట్ చేయడమంటే డిస్కులో ఉన్నదంతా తుడిచివేసి, యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టంను మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడం. ఉత్తరాలను, ఫొటోలను ముందుగా వేరొకచోట దాచి తరువాత తిరిగి పెట్టవచ్చు. కాని కొందరికి అంతమాత్రం చాలదు. చిన్న పట్టణంలో డీటీపీ సెంటరు నడుపుకొనే మనిషి సంగతి చూడండి. అతడు వాడే పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001లో వెలువడింది. ఇరవై ఏళ్ళుగా కూర్చిన పెళ్ళిపత్రికలు, సావనీర్లు, కరపత్రాలు అన్నీ యూనికోడ్‌కు ముందు కాలపు తెలుగు అక్షరాలలో ఉన్నాయి. ఆ అక్షరాలు లేని యంత్రంలో ఆ ఫైళ్ళు తెరిస్తే కనిపించేది తెలుగు కాదు, గజిబిజి గుర్తులు. ఎప్పుడో ఎక్కించిన సీడీలు అరిగిపోయాయి, లేదా అటక మీద ఎక్కడో కలిసిపోయాయి. ఆడిటరు దగ్గరి పాత లెక్కల ప్రోగ్రాములకు, రోగ పరీక్షల కేంద్రంలో యంత్రానికి తోడుగా ఇచ్చిన ప్రోగ్రాములకు కూడా ఇదే చిక్కు. వీరికి కావలసింది ఫైళ్ళు మాత్రమే కాదు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్న, కాపురమున్న ఇల్లు.

మరి ఆ ఇంటిని చెదరనీయకుండా కింది నేలను మార్చడం సాధ్యమేనా? సాధ్యమే. నేటి యంత్రాలలో చాలావరకు సులభం కూడా. విక్రమార్కుని కథలలోని పరకాయ ప్రవేశం వంటిది ఈ విద్య. పాత దేహాన్ని వదలిన ప్రాణం కొత్త దేహంలో కళ్ళు తెరవాలి, పాత జ్ఞాపకాలు చెరగకూడదు. ఇందులో ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉన్నదో తెలియాలంటే, ప్రాణానికీ దేహానికీ మధ్య ఉన్న ముడి ఎటువంటిదో కొంత తెలుసుకోవాలి.

ఆ ముడిని మొదట పలుచన చేసినవాడు అమెరికన్ శాస్త్రజ్ఞుడు గ్యారీ కిల్డాల్. కాలిఫోర్నియాలోని మాంటెరేలో నౌకాదళ కళాశాల అధ్యాపకుడైన ఆయన 1974లో చిన్న కంప్యూటర్ల కోసం సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టంను రాశాడు. ఆనాడు ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో తీరున ఉండేది. యంత్రం మారినప్పుడల్లా సిస్టంలోని భాగాలను తిరగరాయవలసి వచ్చేది. దానితో విసిగిన కిల్డాల్, యంత్రాన్ని గురించి తెలిసి ఉండవలసిన భాగాన్నంతా ఒకచోట చేర్చి, మిగిలిన దానినుంచి వేరు చేశాడు. ఆ చిన్న భాగానికి బయోస్ అని పేరు. యంత్రం మారితే అది మాత్రమే మారుతుంది, తక్కినది అట్లాగే ఉంటుంది. నేటి మదర్‌బోర్డు మీద చిప్పులో ఉండే బయోస్‌కు ఆ పేరు అక్కడినుంచి వచ్చినదే.

అదే ఆలోచనను మైక్రోసాఫ్ట్‌లో డేవిడ్ కట్లర్ బృందం మరింత పట్టుదలతో పాటించింది. వారు 1993లో విడుదల చేసిన విండోస్ ఎన్.టి. ఇంటెల్ చిప్పుల మీదనే గాక, వాటితో ఏ పోలికా లేని మిప్స్, ఆల్ఫా చిప్పుల మీద కూడా నడిచింది. నేటి విండోస్ ఆ వంశంలోనిదే. సిద్ధాంతరీత్యా అది దేహాలు మారడానికి పుట్టుకతోనే సిద్ధంగా ఉన్నదన్నమాట.

ఆచరణలో మాత్రం చాలాకాలం తడబడింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వాడిన కాలంలో కొత్త మదర్‌బోర్డు వేసినవారిలో చాలామందికి ఎదురైనది నీలిరంగు తెర, దానిమీద 7బి అనే సంకేతం. దాని అర్థం, డిస్కు తనకు అందడం లేదని సిస్టం మొరపెట్టుకోవడం.

ఇది కొంత విడ్డూరమైన స్థితి. యంత్రానికి మీట నొక్కగానే మొదట మేలుకొనేది బయోస్. అది డిస్కు మొదటి భాగాన్ని చదివి, సిస్టంలోని మూలభాగాన్ని, అత్యవసరమైన కొన్ని డ్రైవర్లను పైకి తెచ్చి, ఇక నీ దారి నీదేనని పక్కకు తప్పుకుంటుంది. డ్రైవరంటే ఫలానా చిప్పుతో ఎట్లా మాట్లాడాలో సిస్టంకు నేర్పే చిన్న ప్రోగ్రాము. ఆ క్షణం నుంచి సిస్టం డిస్కును తన సొంత డ్రైవరుతో చదువుకోవాలి. పాత బోర్డు మీద డిస్కును అదుపు చేసే చిప్పు ఒక రకం, కొత్త బోర్డు మీద ఇంకొక రకం. కొత్త చిప్పుకు తగిన డ్రైవరు ఆ డిస్కులోనే ఒక మూల ఉండవచ్చు. కాని ప్రారంభంలోనే పైకి తేవలసిన వాటి జాబితాలో దాని పేరు లేదు. దానిని తెచ్చుకోవాలంటే డిస్కు తెరవాలి, డిస్కు తెరవాలంటే అది కావాలి. పెట్టె తాళంచెవి పెట్టెలోపలే ఉండిపోయినట్లయింది.

అనుభవం గల మెకానిక్కులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. పాత బోర్డు ఇంకా కొనప్రాణంతో ఉండగానే, దాని సొంత డ్రైవరును తీసివేసి, ఏ కంపెనీ చిప్పుతోనైనా సర్దుకుపోగల సాధారణ డ్రైవరును పెట్టి, యంత్రాన్ని ఆపి, ఆ తరువాత బోర్డు మార్చేవారు. కొత్తచోట కళ్ళు తెరిచిన సిస్టం ఆ సాధారణ భాషతో గట్టెక్కి, తక్కిన పరిచయాలు నెమ్మదిగా చేసుకొనేది. అయితే బోర్డులు చెప్పి చచ్చిపోవు. 1999 తరువాత కొన్నేళ్ళపాటు నాసిరకపు కెపాసిటర్లు ఉబ్బి, పగిలి లెక్కలేనన్ని బోర్డులు హఠాత్తుగా మూలబడ్డాయి. అటువంటప్పుడు ఎక్స్‌పీ సీడీతో "రిపేర్" పద్ధతిని ఆశ్రయించవలసి వచ్చేది. ప్రోగ్రాములను, ఫైళ్ళను ముట్టకుండా సిస్టం తన పునాదిని మాత్రం తిరిగి వేసుకొనేది. ఈ పద్ధతి తెలిసి కూడా ఫార్మాట్‌కే మొగ్గినవారు బజారులో తక్కువేమీ కాదు. ఫార్మాట్‌కు ఆలోచన అక్కరలేదు మరి!

2007లో వచ్చిన విస్టా నుంచి పరిస్థితి మెరుగుపడింది. యంత్రం ఏ రకమైనదో సిస్టం ఎక్కించిన రోజున ఒక్కసారి తేల్చుకొని కూర్చోక, మేలుకొన్న ప్రతిసారీ చూసుకొనే అలవాటు దానికి వచ్చింది. 2012 నాటి విండోస్ 8లో, పెన్‌డ్రైవులో సిస్టంను వెంట తీసుకువెళ్ళి ఏ కంప్యూటరుకైనా తగిలించి నడుపుకొనే ఏర్పాటును సంస్థల కోసం చేశారు. ఆ ఏర్పాటును 2020లో విరమించినా, దానికి అవసరమైన ఓర్పు మాత్రం సిస్టంలో మిగిలింది. విండోస్ 10, 11లు కొత్త బోర్డు మీద మొదటిసారి మేలుకొన్నప్పుడు, పరికరాలను సిద్ధం చేస్తున్నామని తెరమీద చెప్పి, కొన్ని నిమిషాలు తడుముకొని, ఒకటి రెండుసార్లు ఆగి లేచి, ఎక్కువ సందర్భాలలో పాత ఇంటినే చూపిస్తాయి. లినక్స్ ఈ విషయంలో ముందునుంచీ ఉదారబుద్ధి కలది. డెబియన్, ఉబుంటు వంటివి వందల డ్రైవర్లను వెంట పెట్టుకొనే లేస్తాయి. అక్కడ వచ్చే తంటా సాధారణంగా చిన్నది: నెట్‌వర్క్ కార్డు పేరు బోర్డులో అది ఉన్న స్థానాన్ని బట్టి ఏర్పడుతుంది కనుక, బోర్డు మారితే పేరూ మారుతుంది. సర్వరు బాగానే లేస్తుంది, బయటివారితో మాత్రం మాట్లాడదు.

ఇక భయమేమిటి అనిపించవచ్చు. అసలు భయం ఇప్పుడే మొదలయింది. ఎక్స్‌పీ నాటి చిక్కు అపరిచయం వల్ల వచ్చినది. నేటి చిక్కు అనుమానం వల్ల వస్తున్నది.

మొదటి అనుమానం లైసెన్సును గురించినది. కొన్న కంప్యూటరుతోపాటు తయారీదారు ఇచ్చే విండోస్ లైసెన్సు ఆ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే ఇది వేరే కంప్యూటరని మైక్రోసాఫ్ట్ భావిస్తుంది. చెడిపోయినందువల్ల తయారీదారే మార్చి ఇచ్చిన బోర్డుకు మినహాయింపు ఉన్నది. విడిగా కొన్న లైసెన్సును కొత్త బోర్డుకు తరలించుకోవచ్చు. 2016 ఆగస్టు నుంచి ఆ లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముందుగా జతచేసుకొని, "ఇటీవల హార్డ్‌వేరు మార్చాను" అని తెలియజేసే వీలు కల్పించారు. ఈ అనుమానం తీరకపోయినా కొంపేమీ మునగదు. తెరమీద ఒక మూల హెచ్చరిక కనిపిస్తుంది, ఫైళ్ళు ఫైళ్ళుగానే ఉంటాయి.

రెండవది అటువంటిది కాదు. దొంగ చేతిలో పడినా డిస్కులోని సమాచారం ఎవరికీ అర్థం కాకుండా రహస్యలిపిలో ఉంచే బిట్‌లాకర్ అనే కాపలాను విస్టాతో ప్రవేశపెట్టారు. ఆ లిపిని విప్పే తాళం డిస్కులో ఉండదు. మదర్‌బోర్డుమీద గాని, ప్రాసెసరులో గాని ఉండే టీపీఎం అనే భద్రతా చిప్పు ఆధీనంలో ఉంటుంది. పాత బోర్డు పోతే ఆ తాళమూ పోయినట్లే. కొత్త బోర్డుమీద డిస్కు మేలుకొని 48 అంకెల రికవరీ కీ చెప్పమంటుంది. చెప్పగలిగితే తలుపు తెరుచుకుంటుంది. చెప్పలేకపోతే మెకానిక్కు గాని, మైక్రోసాఫ్ట్ గాని చేయగలిగింది లేదు.

చాలామందికి తమ డిస్కు రహస్యలిపిలో ఉన్నదనే తెలియకపోవడం ఇక్కడి విషాదం. 2021లో వచ్చిన విండోస్ 11కు టీపీఎం తప్పనిసరి. 2024 అక్టోబరులో వెలువడిన కూర్పు నుంచి, కొత్తగా ఎక్కించిన యంత్రంలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే చాలు, ఈ కాపలా చాలా యంత్రాలలో తనంతట తానే మొదలవుతుంది. కీ ఆ ఖాతాలో భద్రంగా ఉంటుంది గాని, ఆ ఖాతాను దుకాణంవాడు తెరిచి ఇచ్చాడో, కొడుకు తెరిచాడో, పాస్‌వర్డు ఏమిటో గుర్తున్నవారెందరు? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన సవరణ వల్ల 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. వాటిని బాగుచేయడానికి పూనుకున్న పెద్ద పెద్ద సంస్థలు సైతం ఈ 48 అంకెల కోసం వెతుక్కోవలసి వచ్చింది. అక్కడ బోర్డులైనా మారలేదు!

కనుక స్క్రూడ్రైవరు పట్టడానికి ముందే చేయవలసిన పని కొంత ఉన్నది. ముఖ్యమైన ఫైళ్ళకు మరొక డిస్కులో నకలు తీయడం అన్నిటికన్నా మొదటిది. కీ ఎక్కడ ఉన్నదో చూసి కాగితంమీద రాసుకోవాలి. యంత్రం ఇంకా పనిచేస్తున్నట్లయితే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయాలి. లైసెన్సును ఖాతాతో జతచేయాలి. కొత్త బోర్డు నెట్‌వర్క్ డ్రైవరును పెన్‌డ్రైవులో పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే ఇంటర్నెట్టు లేనిదే దానిని దించుకోలేరు, అది లేనిదే ఇంటర్నెట్టు రాదు. బోర్డు బిగించాక డిస్కు అసలే కనిపించకపోతే, దాని సెట్టింగులలో డిస్కును నడిపే తీరు పాతదానికి భిన్నంగా ఉన్నదేమో చూడాలి. ఏహెచ్‌సీఐకి బదులు రెయిడ్ అని ఉండడం, ఇంటెల్ వారి వీఎండీ తెరిచి ఉండడం తరచుగా కనిపించే కారణాలు. పాతకాలపు పద్ధతిలో విభజించిన డిస్కును కొన్ని కొత్త బోర్డులు అంగీకరించవు. దానిని తుడవకుండానే మార్చే సాధనాన్ని 2017లో విండోస్ 10లోనే చేర్చారు. ఇవన్నీ చూడకుండా ఫార్మాట్ మాట ఎత్తే మెకానిక్కును ఒక్క క్షణం ఆగమనడం తప్పు కాదు.

కాని ఈ విద్య అసలే పనికిరాని యంత్రాలు పెరుగుతున్నాయి. ఆపిల్ వారి మ్యాక్‌బుక్కులలో ఇప్పుడు డిస్కు వేరుగా లేదు. నిల్వ చిప్పులను బోర్డుమీదనే అతికించేస్తారు, సమాచారం ఆ బోర్డులోని భద్రతా చిప్పుకే అర్థమయ్యే లిపిలో ఉంటుంది. మొబైల్ ఫోన్ల సంగతీ అంతే. అక్కడ బోర్డు మార్చడమంటే జ్ఞాపకాలను కూడా మార్చడమే. నకలు లేనివారికి మిగిలేది "చిప్ లెవెల్ సర్వీస్" అని బోర్డు కట్టుకున్న దుకాణం. భూతద్దం కింద ఆవగింజంత విడిభాగాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, కాలిపోయినదానిని మార్చి, చనిపోయిన బోర్డునే ఒక గంటసేపు లేపడానికి వారు ప్రయత్నిస్తారు. లేస్తే ఆ గంటలోనే ఫొటోలను, పత్రాలను బయటి డిస్కులోకి దించుకుంటారు. ఆ తరువాత ఆ బోర్డు మళ్ళీ పడిపోయినా ఎవరూ పట్టించుకోరు.