పని ఒక చేత, పుస్తకం ఒక చేత

జగ్గయ్యపేట చేరువన ధనం బోడు అనే గుట్టపై ఒక బౌద్ధస్తూపపు శిథిలాలున్నవి. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని పరిశోధించి లోకానికి తెలియజేసినాడు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనం ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలనా సంవత్సరం నాటిది. మహాచైత్యం తూర్పు ద్వారాన అయిదు ఆయక స్తంభాలు నిలిపించినవాడు సిద్ధార్థుడనే ఆవేశని. అతని తండ్రి నాగచంద్రుడూ ఆవేశనియే. ఆవేశని అనగా పనివారికి పెద్ద. తండ్రీ కొడుకులిద్దరికీ ఒకే పేరు చెల్లినదంటే ఆ విద్య ఏ బడిలో అబ్బినదో ఊహించుట కష్టం కాదు. పనియే బడి, తండ్రియే గురువు.

పదునేడు వందల ఏండ్ల క్రిందట ఆ శిల్పులు ఉలి పెట్టినది సున్నపురాతి మీద. నేడు ముక్త్యాల, జయంతిపురం ప్రాంతాలలోని సిమెంటు కర్మాగారాలకు ముడిసరకు కూడ సున్నపురాయే. రాయి మారలేదు గాని విద్య రెండుగా చీలినది. కృష్ణా జిల్లాలో మెట్టసీమగా పేరుపడి, 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో ఆ చీలిక కంటికే కనిపిస్తుంది. నందిగామ దాటి బెజవాడ వైపు వెళ్తే హైదరాబాదు రహదారి వెంట ఇంజనీరింగు కళాశాలలు. జగ్గయ్యపేట వైపు వెళ్తే కర్మాగారాల పొగగొట్టాలు. రెంటి నడుమ దూరం బస్సు లెక్కన కొద్దిపాటిదే. విద్య లెక్కన మాత్రం చాల ఎక్కువ.

సున్నపురాతిని కాల్చితే నూరు పాళ్ళలో నలుబదినాలుగు పాళ్ళు బొగ్గుపులుసు వాయువై పోతుందని, ఏబదియారు పాళ్ళు సున్నం మిగులుతుందని పాఠశాల విద్యార్థి సైతం లెక్క కట్టగలడు. కర్మాగారంలో ఆ లెక్క ప్రాణం పోసుకుంటుంది. వాలుగా అమర్చిన పొడవైన ఉక్కు గొట్టం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. లోపలి సరకు 1450 డిగ్రీల వేడికి చేరి, సగం కరిగి, క్లింకరు గుండ్లుగా బయటపడుతుంది. రాత్రి పాళీలో పనికి వచ్చిన శిక్షణార్థి ఆ గుండ్లను పొడిచేసి, కలియక మిగిలిన సున్నమెంతో పరీక్షించినాడనుకొందము. అది హెచ్చితే కాలుట చాలలేదా, రాతిపొడి మెత్తన కాలేదా, పాళ్ళు తప్పినవా? కారణాలు పుస్తకంలో ఉన్నవి. వానిలో ఈ రాత్రి కారణమేదో పుస్తకంలో లేదు. ఆ రెంటినీ కలుపగలిగినవాడే ఇంజనీరు.

పని చేస్తూ పట్టా పొందవలెనన్న కోరిక క్రొత్తది కాదు. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వారి ఎ.ఎం.ఐ.ఇ. పరీక్ష దేశమంతటా ఓవర్సీయర్లకు, డ్రాఫ్ట్స్‌మన్‌లకు ఆశాదీపమైనది. పగలు కొలువు, రాత్రి దీపం క్రింద చదువు. ఆ పరీక్షకు ఇంజనీరింగు పట్టాతో సమానమైన గుర్తింపు 2013 మే 31 లోపుగా పేరు నమోదు చేసుకొన్నవారితో ఆగిపోయినది. 2023లో సాంకేతిక విద్యామండలి, కొలువులలో ఉన్న డిప్లొమావారికి అనువైన వేళలలో పట్టా తరగతులు నడుపుటకు కళాశాలలకు వీలు కల్పించినది. ఒక తలుపు మూతపడిన పదేండ్లకు వేరొక తలుపు తెరచుకొన్నది.

చట్టమూ ఈ బాటలోనే నడచినది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులకు, డిప్లొమావారికి విస్తరించినది. 2019 నాటి నియమాలలో చదువులో భాగంగా శిక్షణ పొందే డిగ్రీ అప్రెంటిస్‌కు చోటు లభించినది. అతనికి కనీస భృతి నెలకు 9,000 రూపాయలని నాడు నిర్ణయించినారు. అయితే చట్టం దృష్టిలో అతడు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. చిక్కంతా ఇచ్చటనే ఉన్నది. నేర్పితే అతడు విద్యార్థి; నేర్పకుండ పని మాత్రం చేయించుకొంటే చౌకగా దొరికిన కూలి. పేరొకటే, బ్రతుకులు రెండు.

ఈ రెంటి నడుమ గీత గీయునది కాలం. ఇంగ్లండులో 2015లో డిగ్రీ అప్రెంటిస్ విధానం మొదలైనది. జీతం ఇచ్చే పని గంటలలోనే కనీసం ఐదవ వంతు చదువుకు విడిచిపెట్టవలెనని 2017లో అక్కడ నియమం పెట్టినారు. 2022లో దానిని వారానికి కనీసం ఆరు గంటలుగా మార్చినారు. గంటల లెక్క ఎంతైన కానిండు, అందులోని నీతి గమనింపదగినది. చదువు పని ముగిసిన తరువాత అలసిన కన్నులకు మిగిలే శేషం కారాదు. పనిలోనే ఒక పాలు కావలెను.

రాత్రి పాళీ దిగి, తెల్లవారగట్ల బస్సులో నందిగామ వైపు నిద్రతో తూగే కుర్రవానికి కావలసినది జాలి కాదు. క్లింకరు పరీక్షలో తేడా ఎందుకు వచ్చినదో అతనితో కూర్చుండి ఒక గంట చర్చించే ఇంజనీరు, ఆ గంటను పనిగా లెక్క వేసే యజమాని, దానిని చదువుగా అంగీకరించే కళాశాల కావలెను. నాగచంద్రుడు కుమారునికి పని నేర్పినప్పుడు ఆ గంటను ఎవరి ఖాతాలో వ్రాయవలెనన్న ప్రశ్న పుట్టియుండదు. నేడు పుట్టినది. దానికి సమాధానం దొరికిననాడు ఆ గుట్టకు, ఈ పొగగొట్టానికి నడుమ తెగిన దారం మరల ముడిపడుతుంది.