పెరటికి తగిన పొట్టికోడి

సోదరీమణులలో పెక్కురు పెరట నాలుగు కోళ్లను పెంచుకొనవలెనని తలచియు, తావు చాలదను సంశయముచే వెనుదీయుచుందురు. అట్టివారికి పొట్టికోడి మిక్కిలి అనుకూలమైనది. నాటుకోడికి వలసిన చోటులో సగము దీనికి చాలును. పిడికెడు నూకలతో దినము గడపును. కాయగూరల పాదులను పెద్దకోడివలె త్రవ్విపోయదు. కాని పొట్టికోళ్లలో ఏ జాతిని ఎన్నుకొనవలెనను ప్రశ్న వచ్చినపుడు మనము కంటికి ఇంపైన దానినే ముందుగా చూతుము. మేమును అట్లే చూచి పొరపడితిమి. ఆ పొరపాటునకు తప్పేమియు చేయని పెట్ట యొకటి బలియైనది. కావున దానిని దాచక చెప్పుచున్నాము.

మా యజమాని బడిపంతులగుటచే ఊరూర తిరుగు సంసారము మాది. 2016వ సంవత్సరము అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడువరకు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును వరంగల్లు జిల్లాలోనివే గనుక, బదిలీ అయినప్పుడెల్ల మా గంపలును గూళ్లును మాతో కూడ తరలుచుండెడివి. జనగామలో నున్నంత కాలము నాటుకోళ్లను మాత్రమే పెంచితిమి. అవి పగలంతయు పొరుగువారి వాకిళ్లలో తిరిగి, ఎండబెట్టిన వడ్లు తిని, మాకు మాటలు తెచ్చిపెట్టి, సందెవేళకు ఏమియు ఎరుగనట్లు గంప క్రిందికి వచ్చెడివి. మహబూబాబాదునకు, అనగా మన వాడుకలోని మానుకోటకు, పోయినపుడు దొరికిన అద్దెయిల్లు చిన్నది. పెరడు రెండు మంచముల వెడల్పు. అప్పుడు పొట్టికోళ్ల తలంపు కలిగెను.

పట్టణమునందలి పక్షుల వర్తకుడొకడు మాకు జపాను పొట్టికోళ్లను చూపెను. వీనికి ఆ దేశమున చాబో యని పేరు. తోక నిట్టనిలువుగా తలను దాటి లేచియుండును. రెక్కల కొనలు నేలను తాకుచుండును. కాళ్లు ఉన్నవా లేవా యనునంత కురుచ. అమరకోశము కోడికి చరణాయుధమను పేరు నిచ్చినది గదా, ఈ కోడికి చరణమే కరవైనపుడు ఆయుధమెక్కడిదని మేము నవ్వుకొంటిమి. అయినను ఆ సొగసునకు లోబడి ఒక పుంజును రెండు పెట్టలను కొంటిమి. అన్నియు కురుచకాళ్లవే. నుదుట తెల్లని మచ్చగల పెట్టకు, అప్పటికి అయిదేండ్లదగు మా అమ్మాయి చుక్క యని పేరు పెట్టెను.

చుక్క మంచి పొదుగుడు పెట్ట. మేత మరచి గ్రుడ్లపై కూర్చుండెడిది. ఏడవనాటి రాత్రి దీపములార్పి, చేతిదీపపు వెలుగును గ్రుడ్డు వెనుకనుంచి చూచితిమేని, బ్రతికిన గ్రుడ్డులో నెత్తుటి నరములు సాలెగూటివలె అల్లుకొనియుండును. చచ్చినదానిలో ఎఱ్ఱని వలయమొకటి మాత్రము కనుపించును. చుక్క క్రింద మూడు పర్యాయములు ఎనిమిదేసి గ్రుడ్లను పొదిగింపగా, ఇరువదినాలుగింటిలో రెండు పుంజు తగులనివి, ఆరింటిలో వలయమే. పదునారు పిల్లలైనవి.

మొదటిసారి ఉరుములవలన చెడినవని తలచి గంపలో ఇనుపముక్క నుంచితిమి. రెండవసారి మేత మార్చితిమి. మూడవసారి ప్రక్కయింటి అక్క వచ్చి, “పంతులమ్మా, గీ పెట్ట పొదుగు అచ్చొస్తలేదు. ఉంచుకోకు” అని చెప్పెను. ఆమె మా మేలు కోరియే చెప్పినది. మేము చుక్కను ఇచ్చివేసితిమి. ఇచ్చిన చోట అది ఏమైనదో చెప్పనక్కరలేదు. అమ్మాయికి పారిపోయినదని చెప్పితిమి.

మరియొక అవివేకము కూడ అప్పుడే చేసితిమి. పదునారు పిల్లలలో అయిదింటికి కాళ్లు మామూలుగా పొడుగైనవి. ఇవి జాతి చెడినవని యెంచి వానిని ఇరుగుపొరుగులకు పంచి, కురుచకాళ్లవానినే మిగుల్చుకొంటిమి.

ఆ పిమ్మట భూపాలపల్లికి బదిలీయైనది. బొగ్గుగనుల ఊరు, చుట్టును అడవి. మేమున్న ఇంటి వెనుకనే తుప్పలు. ముంగిస వచ్చిన నాడు నాటుకోళ్లు గోడ యెక్కినవి. మా జపాను కోళ్లు రెండడుగులు వేసి కూర్చుండిపోయినవి. మిగిలినవాని గ్రుడ్లలోను వలయములే. చుక్క లేకున్నను వలయములేల వచ్చుచున్నవను అనుమానము అప్పటికి గాని మాకు తట్టలేదు. మా యజమానికి తెలిసిన పశువైద్యులొకరికి పాలలెక్కల పుస్తకపు చివరిపుటలో వ్రాసియుంచిన లెక్కను చూపగా, వారు చూచి, తప్పు పెట్టది కాదు, జతది అనిరి.

వారు చెప్పినదిది. ఈ జాతిలో కాలి కురుచదనము పిల్లకు తల్లిదండ్రుల యొద్దనుండి పాలుగా వచ్చును. ఒకరి యొద్దనుండియే వచ్చినచో పిల్లకు కురుచకాళ్లు కలుగును. ఎవరి యొద్దనుండియు రానిచో పొడుగుకాళ్లు కలుగును. ఇద్దరి యొద్దనుండియు వచ్చినచో ఆ పిల్ల బ్రతుకనేరదు, గ్రుడ్డులోనే, తరచుగా మొదటి వారముననే, మరణించును. కురుచదానిని కురుచదానితో జతపరచిన యెడల నాలుగింట ఒక పాలు చచ్చును, రెండు పాళ్లు కురుచవి, ఒక పాలు పొడుగువి అగును. కురుచ పుంజునకు పొడుగుకాళ్ల పెట్టను జతచేసినచో సగము కురుచవి, సగము పొడుగువి పుట్టును గాని ఈ కారణమున ఒక్కటియు చావదు. మేము జాతి చెడినవని పంచిపెట్టిన పిల్లలే జాతిని నిలుపదగినవి!

ఇంటికి వచ్చి లెక్క చూచుకొంటిమి. పుంజు తగిలిన ఇరువదిరెండింటిలో చచ్చినవి ఆరు, కురుచవి పదునొకండు, పొడుగువి అయిదు. పుటను ఎన్నిసార్లు చూచినను చుక్కపై మోపుటకు తప్పేమియు దొరకలేదు.

ఆ సెలవులలో మానుకోటకు పోయి, ప్రక్కయింటి అక్క యొద్ద పెరిగిన పొడుగుకాళ్ల పెట్టను ఒకదానిని అడిగి తెచ్చుకొంటిమి. వరంగల్లు మీదుగా బస్సులో గంపను ఒడిలో నుంచుకొని వచ్చిన ఆ ప్రయాణము వేరొక కథ. దాని గ్రుడ్లలో ఎఱ్ఱ వలయము అరుదైపోయెను.

ఇక ఇతర జాతుల మాట. జావా ద్వీపమునందలి బాంటెన్ రేవున ఐరోపా నావికులు చిన్నకోళ్లను కొనుచుండుటచే పొట్టికోళ్లన్నిటికిని బాంటమ్ అను పేరు వచ్చినది. వీనిలో కొన్ని పుట్టుకతోనే పొట్టిజాతులు, కొన్ని పెద్దజాతులను కురుచపరచి తీసినవి. సీబ్రైటు అనునది ఇంగ్లండునందు సర్ జాన్ సీబ్రైటు 19వ శతాబ్దపు తొలినాళ్లలో స్థిరపరచినది. ప్రతి ఈకకును నల్లని అంచు, చిత్రించినట్లుండును. పుంజునకు కూడ పెట్ట ఈకలే. చూచుటకు దీనిని మించినది లేదు గాని, పుంజుల సంతానశక్తి తరచు తక్కువ, పెట్ట పొదుగుటయు అరుదు. తొలిసారి పెంచువారికి మేము దీనిని చెప్పము.

చీనా నుండి వచ్చిన పెకిను జాతికి కాలివ్రేళ్లవరకు ఈకలుండును. సాధువు, పొదుగుటలో దిట్ట. కాని మన వానకారున వాకిలి బురదయైనపుడు ఆ ఈకలు ముద్దకట్టి, పేలు చేరును. అరుగు ఎత్తైన యింటివారికి తగును.

సిల్కీ సంగతి వేరు. దాని ఈకలు దూదివలె విడివిడిగా నుండును. పిల్లి రోమములవంటి వెండ్రుకలు గల కోళ్లు చీనా దేశమున నున్నవని 13వ శతాబ్దమున మార్కో పోలో చెప్పినది దీనిని గూర్చియే యందురు. కాలికి అయిదు వ్రేళ్లు. చర్మము నల్లన. మధ్యప్రదేశమునందలి ఝాబువాకు 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చిన కడక్‌నాథ్ కోడి నలుపునకును దీని నలుపునకును కారణమొక్కటే. కొన్ని దేశములలో దీనిని పొట్టికోళ్లలో లెక్కింపరు. ఏ పక్షి గ్రుడ్లనైనను పొదుగును. అయితే వాన తగిలిన తడిసి ముద్దయై వణకును, ఎగురలేదు. మూసిన కొట్టమున్నవారే తెచ్చుకొనవలెను.

పొదుగుడు గుణమునకే మేము ఇంత విలువ నిచ్చుటకు కారణము కలదు. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా వంటి కోళ్లు నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును గాని సాధారణముగా పొదుగవు. యంత్రము లేని యింట పొట్టిపెట్టయే వానికి పెంపుడుతల్లి కాగలదు. తన గ్రుడ్లు ఎనిమిది తొమ్మిది కప్పగల పెట్ట క్రింద పెద్దగ్రుడ్లు అయిదింటికి మించి పెట్టరాదు. పెట్టినచో అంచుననున్నవి చల్లబడును. పెద్దగ్రుడ్డు ఇరువదియొకటవ నాట పగులును, పొట్టికోడి గ్రుడ్డు ఒకటి రెండు దినములు ముందుగానే పగులవచ్చును. కావున రెండింటిని కలిపి పొదిగింపకుడు. ముందు వచ్చిన పిల్లలతో తల్లి లేచిపోవును.

కొక్కెర తెగులునకు మొదటి వారమున కంటిలోగాని ముక్కులోగాని టీకాచుక్క వేయించుట మరువరాదు. పిల్ల చిన్నదని చుక్కను సగము చేయకుడు. ఎనిమిదవ వారమున సూదిమందును పశువైద్యశాలలో అడుగుడు.

అమ్మువాని యొద్దకు పోయినపుడు మాత్రము తోకను, రంగును కడపట చూడుడు. ముందు పక్షిని నేలపై విడిపించి నడక చూడుడు. తల్లి పొదిగినదా, యంత్రము పొదిగినదా యని అడుగుడు. జపాను కోళ్లైనచో కురుచ పుంజు నొకదానిని, పొడుగుకాళ్ల పెట్టలను ఏరుకొనుడు. వర్తకుడు వానిని వంకవని మూలకు నెట్టియుంచును, వెలయు తగ్గించును. పుంజును, పెట్టలను వేరువేరు ఇండ్లనుండి తెచ్చుట మంచిది.

ఇప్పుడు మరల జనగామలోనే యున్నాము. పుంజు ఒకటి, పొడుగుకాళ్ల పెట్టలు నాలుగు. నిన్నటిరాత్రి ఏడవనాటి పరీక్ష చేసితిమి. తొమ్మిదింటిలో ఒకటి తెల్లగా నున్నది, ఎనిమిదింట నరములు అల్లుకొన్నవి. దీపము పట్టినది మా అమ్మాయియే. కళాశాలలో చదువుచున్నది గావున, చుక్క పారిపోలేదను సంగతి దానికి నిరుడు చెప్పివేసితిమి. ఇప్పుడు పొదుగుచున్న పెట్టకు ఇంకను పేరు పెట్టలేదు.