పేరు ఊరిది, మురుగు అందరిది

భీమవరంలో ‘యనమదుర్రు’ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఊరు కాదు, డ్రెయిను. వంతెన ఎక్కగానే చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోతుంది. కింద గుర్రపుడెక్క, దాని సందుల్లో నల్లటి నీళ్లు, గట్టు పొడవునా చెత్త. ఆ కంపుకి మనం ఓ పాత ఊరి పేరు పెట్టి పిలుస్తున్నాం. భీమవరానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లోనూ మనుషులున్నారు. సొంతూరి పేరు చెప్పగానే ఎదుటివాడు మురుగు సంగతి ఎత్తితే వాళ్లకెలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

నిజానికి యనమదుర్రుకి పేరు రావలసింది శక్తీశ్వరుడి వల్ల. ఆ గుళ్లో శివుడు లింగరూపంలో ఉండడు. తలకిందులుగా, శీర్షాసనంలో తపస్సు చేస్తూ కనిపిస్తాడు. పక్కనే పార్వతి, ఆమె ఒడిలో పసిబిడ్డగా కుమారస్వామి. స్థలపురాణం ఈ ఊరి పేరును యమధర్మరాజుతో ముడిపెడుతుంది. ప్రాణాలు తీసేవాడని లోకమంతా తనను చూసి భయపడుతోందే తప్ప తనకో మంచి పేరు లేదని యముడు కుమిలిపోయి శివుణ్ణి వేడుకున్నాడట. శంబరుడనే రాక్షసుణ్ణి చంపే కీర్తి అతనికి దక్కిందనీ, ఊరికి అతని పేరు నిలిచిందనీ చెబుతారు. మంచి పేరు కోసం యముడంతటివాడు తపించి తెచ్చుకున్న పేరు ఇది. ఆ పేరునే మనం మురుగుకి రాసిచ్చేశాం.

గుడి ముందు శక్తిగుండం అనే చెరువుంది. స్వామి నైవేద్యం ఆ నీళ్లతోనే ఉడుకుతుందని, వేరే నీళ్లు పోస్తే బియ్యం ఉడకనే ఉడకదని ఊరివాళ్ల నమ్మకం. నమ్మినా నమ్మకపోయినా, నీటికి అంత విలువిచ్చిన ఊరని మాత్రం ఒప్పుకోవాలి.

మరి డ్రెయిను కథేమిటి? 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం పూర్తయింది. పశ్చిమ డెల్టాకి కాలువలొచ్చాయి. పంటకాలువ ఎప్పుడూ మెరక మీద నడుస్తుంది. అక్కడి నుంచి బోదెల్లోకి, బోదెల నుంచి చేలల్లోకి నీరు దిగుతుంది. చేను తాగగా మిగిలింది పల్లానికి జారి మురుగుకోడులో కలవాలి, కోడు సముద్రానికి చేర్చాలి. కాలువ ఎంత ముఖ్యమో కోడూ అంతే. కాలువ తవ్వించిన దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, కోడుని మాత్రం వానొచ్చి చేలు మునిగినప్పుడే తలుచుకుంటాం. కృష్ణా, గోదావరి డెల్టా రైతుల నుంచి డ్రెయినేజీ సెస్సు వసూలుకి 1968లో చట్టమే వచ్చింది. ముంపు బాధ అంత పాతది.

యనమదుర్రు డ్రెయిను పుట్టుక డెల్టాలో కాదు. జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో పారే ఎర్రకాలువ, నందమూరు అక్విడెక్టు దాటి పల్లపు సీమలోకి దిగాక యనమదుర్రు అవుతుంది. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చేలు నానతాయి. 2024 జులైలో ఎర్రకాలువ పొంగి నాట్లు వేసిన చేలు నీళ్ల కింద ఉండిపోయాయి. కిందికి లాగాల్సిన కోడులో పూడిక, గుర్రపుడెక్క. దిగువన సముద్రం పోటు మీదుంటే నీరు ముందుకు పోకపోగా ఉప్పునీరు ఎదురొస్తుంది.

వాననీటికి, చేల నీటికి ఉన్న దారిలోకి మనం ఒక్కొక్కటీ వదులుతూ వచ్చాం. పట్టణాల మరుగుదొడ్ల నీళ్లు, చెత్త, ఫ్యాక్టరీల వ్యర్థం. ఆ మీదట చేపల చెరువులు, రొయ్యల చెరువులు. 2009లో వనామీ రొయ్యకి దేశంలో అనుమతి వచ్చాక వరిచేలు ఎంత వేగంగా చెరువులయ్యాయో భీమవరం వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రొయ్యే ఇక్కడ మేడలు కట్టింది, పిల్లల్ని అమెరికా పంపింది, కాదనను. కానీ తెల్లమచ్చ తెగులొచ్చిన చెరువు నీళ్లని డ్రెయిన్లోకి తోడేస్తారు. కొంచెం దిగువన ఇంకో రైతు అదే డ్రెయిన్లో మోటారు పెట్టి చెరువు నింపుకుంటాడు. తెగులు నీళ్లతో పాటే వెళ్తుంది. మురుగు మనల్ని దాటిపోయిందనుకోవడం ఎంత పొరపాటో రొయ్య రైతుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

వేసవిలో కష్టం రెట్టింపు. కాలువలు కట్టేశాక కోడులోకి మంచినీటి చుక్క రాదు, ఉన్నదంతా ఊళ్లు వదిలిన మురుగే. శివారు గ్రామాల్లో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. కాలువ కట్టేసేలోపు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోకపోతే మళ్లీ నీళ్లు వదిలేదాకా డబ్బా నీళ్లు కొనుక్కోవాల్సిందే. చుట్టూ నీళ్లే, తాగడానికి కొనాలి.

మళ్లీ పేరు సంగతికే వద్దాం. జపాన్‌లో మినమాటా అనే తీరపట్నం ఉంది. అక్కడి రసాయన కర్మాగారం పాదరసాన్ని సముద్రంలోకి వదిలితే, ఆ చేపలు తిన్న మనుషులు వణుకుతూ, చూపు పోయి చనిపోయారు. 1956లో బయటపడ్డ ఆ జబ్బుకి ఊరి పేరే పెట్టారు. చేసింది ఒక కంపెనీ, పేరు మోసింది ఊరు మొత్తం. యనమదుర్రుకి జరిగినదాన్ని దానితో సమానం అనను. కానీ పరాయి పాపం పేరులో మోయడం ఎలా ఉంటుందో ఆ పట్నానికి బాగా తెలుసు.

భీమవరం పేరు వెనుక చాళుక్య భీముడున్నాడని, గునుపూడి సోమేశ్వరుడి గుడి ఆయన కట్టించిందేనని మనం గొప్పగా చెప్పుకుంటాం. పున్నమికి తెల్లగా ఉండి అమావాస్యకి రంగు మారే లింగాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా మనదే. సొంత పేరు మీద అంత మమకారం ఉన్నవాళ్లం, పక్క ఊరి పేరు గురించి ఎందుకు పట్టించుకోలేదు?

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ప్రక్షాళన మాట వినిపిస్తుంది. పొక్లెయిన్ దింపి గుర్రపుడెక్క తీసి గట్టున పోస్తారు, వానకి అది మళ్లీ నీళ్లలోకే జారుతుంది. డెక్క తీస్తే చాలదు. పట్టణం మురుగుని శుద్ధి చేశాకే కోడులోకి వదలాలి, చెరువుల నీళ్లకీ అదే కట్టడి ఉండాలి, పూడిక సముద్రం దాకా తియ్యాలి. అంతవరకు కనీసం ఒక పని చెయ్యొచ్చు. ఈసారి కంపు గురించి మాట్లాడుకునేటప్పుడు యనమదుర్రు అనకుండా, మన మురుగు అందాం.