కబురు చేరిందనడానికి రసీదేది?

చేలల్లో ఇప్పుడు మనుషులే కాదు, యంత్రాలు కూడా కబుర్లు పంపుకుంటున్నాయి. మోటారు స్టార్టరు పెట్టెలో సిమ్ కార్డు పెట్టి రైతు ఇంటి దగ్గర కూర్చునే మోటారు వేస్తున్నాడు. డ్రిప్పు తోటల్లో నేల తేమ చూసే పరికరం “తడి ఆరింది” అని చెప్తే వాల్వు దానంతటదే తెరుచుకునే ఏర్పాట్లు వచ్చాయి. “ఇదంతా ఆసాముల సంగతి, కూలోళ్ళకెందుకు?” అని కొందరు అడగవచ్చు. ఆ మోటారు మీద చెయ్యి వేసేది కూలీ. ఆ కబురు తప్పిపోయినా, ఆలస్యంగా వచ్చినా దెబ్బ తగిలేది కూలీకే. కాబట్టి యంత్రాల కబుర్ల సంగతి మనమూ తెలుసుకోవాలి.

చమురు గొట్టాల దగ్గర పుట్టిన పద్ధతి

ఇలాంటి కబుర్లకు లోకంలో బాగా వాడుకలో వున్న పద్ధతి పేరు ఎం.క్యు.టి.టి. 1999లో ఐ.బి.ఎం. కంపెనీకి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కాం సంస్థకు చెందిన ఆర్లెన్ నిప్పర్ దీన్ని తయారుచేశారు. మనుషులు లేని చోట్ల వేసిన చమురు గొట్టాల వివరాలు ఉపగ్రహం ద్వారా తెప్పించుకోవడం వారి అవసరం. ఉపగ్రహం కిరాయి ఎక్కువ, లైను సన్నం. అందుచేత కబురుకు కట్టే మూట చాలా చిన్నదిగా, తక్కువలో తక్కువ 2 బైట్లతో సరిపెట్టారు. 2010లో దీన్ని రాయల్టీ లేకుండా వాడుకోనిచ్చారు. 2014లో ఒయాసిస్ సంస్థ ప్రమాణంగా ఆమోదించింది. 2016లో అది అంతర్జాతీయ ప్రమాణమయింది.

ఇందులో పరికరాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. మధ్యలో ఒక కంప్యూటరు వుంటుంది. దాని పేరు బ్రోకరు! మార్కెట్ యార్డులో ఆ మాట వింటేనే మనవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. ఈ బ్రోకరు కమీషను తీసుకోడు గాని, చేసేది మధ్యవర్తి పనే. తేమ పరికరం “తూర్పు చెక్క తేమ” అనే శీర్షిక కింద కబురు పెడుతుంది. ఆ శీర్షిక మాకు కావాలని ముందే చెప్పుకున్న వాళ్ళందరికీ బ్రోకరు చేరవేస్తాడు.

మూడు రకాల పూచీ

కబురు చేరడానికి ఎంత పూచీ కావాలో పంపేవారే చెప్పుకోవచ్చు. మొదటిది దండోరా లాంటిది. విన్నవాడు విన్నాడు, లేనివాడు లేదు. నిమిషానికోసారి వచ్చే తేమ లెక్కకు ఇది చాలు. ఒకటి పోయినా మరొకటి వస్తుంది.

రెండోది రసీదు పద్ధతి. రసీదు వచ్చేదాకా పంపినవారు కబురును దగ్గరే వుంచుకోవాలి. లైను తెగిపోతే, మళ్ళీ కలిసినప్పుడు అదే కబురు మళ్ళీ పంపాలి. అయితే కబురు చేరి రసీదు దారిలో పోయిందనుకోండి. అదే కబురు రెండుసార్లు చేరుతుంది. “మోటారు ఆన్‌లో వుంచు” అని రెండుసార్లు చెప్పినా నష్టం లేదు. “ఇంకో పది లీటర్ల ఎరువు నీళ్ళు వదులు” అని రెండుసార్లు చేరితే పైరు మాడుతుంది.

అందుకే మూడోది. కబురు, అందిందన్న మాట, సరే వదిలెయ్యమన్న మాట, అయిపోయిందన్న మాట, ఇలా నాలుగు విడతలు నడుస్తాయి. కబురు తప్పదు, రెండుసార్లూ పడదు.

ఇంకో ఏర్పాటు కూడా వుంది. పరికరం బ్రోకరుతో కలిసేటప్పుడే వీలునామా రాసి పెట్టవచ్చు: “నేను చెప్పకుండా మాయమైతే ఆ సంగతి అందరికీ తెలియజెయ్యి.” పెట్టుకున్న గడువుకు ఒకటిన్నర రెట్లు దాటినా చప్పుడు లేకపోతే బ్రోకరు ఆ మాట చాటుతాడు. అంటే మౌనాన్ని సున్నా కింద రాసుకోరు. “తేమ లేదు” వేరు, “తేమ సంగతి తెలియడం లేదు” వేరు.

బ్రోకరు రసీదు చేను రసీదు కాదు

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. పంపినవారికి వచ్చే రసీదు బ్రోకరు ఇచ్చేది. వాల్వు తెరుచుకుందని దానర్థం కాదు. ఆ సంగతి వాల్వు తిరిగి చెప్పాలి. ఆలస్యం ఇంకా ప్రమాదం. సిగ్నలు లేనప్పుడు రైతు “మోటారు వెయ్” అన్నాడనుకుందాం. కబురు బ్రోకరు దగ్గర ఆగింది. గంట తర్వాత లైను కలిసింది. ఆ వేళకు కూలీ మోటారు విప్పుతున్నాడు. అప్పుడేమవుతుంది? 2019లో వచ్చిన 5వ వెర్షనులో కబురుకు కాలపరిమితి పెట్టే వీలుంది. అది దాటితే కబురు చెల్లదు. కాని పరికరం అమ్మినవాడు ఆ పరిమితి పెట్టాడా? కూలీ అన్నలకు మేము చెప్పేది ఒక్కటే: ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోకుండా మోటారు మీద చెయ్యి వేయవద్దు.

కూలీ హాజరుకు ఈ న్యాయం లేదా?

2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, ఉపాధి హామీ పనులన్నిటా ఫోన్ యాప్‌లో రోజుకు రెండు ఫోటోలతో హాజరు తప్పనిసరి చేశారు. నెట్‌వర్కు అందక హాజరు ఎక్కలేదన్న ఫిర్యాదులు చాలా రాష్ట్రాల నుంచి వచ్చాయి. ఆ యాప్ ఏ పద్ధతిలో నడుస్తుందన్నది కాదు మా ప్రశ్న. పొద్దంతా మట్టి తవ్వినవాడి ఫోటో పైకి చేరకపోతే, దాన్ని “తెలియలేదు” అని రాయాలా, “రాలేదు” అని రాయాలా? చమురు గొట్టానికి తగిలించిన పరికరం నోరు మెదపకపోతే దాన్ని సున్నా అనరు. మరి కూలీని ఎందుకంటారు?

అందుచేత మూడు సంగతులు పట్టుబట్టి అడగాలి. హాజరు ఎక్కిన వెంటనే కూలీ చేతికి రసీదు రావాలి. ఎక్కకపోతే, ఎక్కేదాకా మళ్ళీ పంపే బాధ్యత పంపేవారిదే కావాలి. అంతవరకు కాగితం మస్టరు చెల్లాలి. ఇవి కొత్త కోరికలు కావు. యంత్రానికి ఎప్పుడో ఇచ్చిన పూచీనే మనిషికీ ఇమ్మంటున్నాం.