పరుగెత్తే పిల్లకి ఒళ్ళు నొప్పులా? మాత్ర వేసే ముందు ఒక్క మాట!

మన చిన్నప్పుడు ఆడపిల్లల ఆటలంటే తొక్కుడుబిళ్ళ, చెమ్మచెక్క, మహా అయితే స్కూల్లో ఖోఖో. అంతే కదండీ! 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. 2016లో మన సింధు రియోలో వెండి పతకం గెలిచింది. ఇప్పుడు తెల్లవారుఝామున అయిదింటికి ఏ ఊళ్ళో గ్రౌండ్‌కి వెళ్ళినా, పిల్లల్ని లోపలికి పంపించి ఫ్లాస్కుతో గోడ మీద కూర్చునే తల్లులు కనిపిస్తారు. నేనూ అందులో ఒకదాన్ని. మా రెండో అమ్మాయి ఇంటర్ చదువుతూ 800 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తోంది.

ఆ గోడ మీద రోజూ వినపడే మాట ఒకటే. "రాత్రంతా కాళ్ళు లాగేస్తున్నాయని ఏడ్చిందండీ, మాత్ర వేసి తీసుకొచ్చాను" అని. ఆ మాత్ర అవసరమా, అసలు ఆ నొప్పి ఎందుకొస్తుంది అని తెలుసుకుందామని డాక్టర్లని అడిగి, దొరికినవి చదివాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

తిరుమల కొండ అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి, మళ్ళీ నడిచి దిగిన వాళ్ళకి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. దిగిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడూ, ఆ తర్వాతి రోజూ చూడాలి... పీట మీంచి లేవలేం! దీన్ని లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడం అని కోచ్‌లు కూడా అంటుంటారు. అది నిజం కాదు. ఆ యాసిడ్ పరుగు ఆపిన గంటా రెండు గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది. రెండో రోజు నొప్పి వేరు. మెట్లు దిగేటప్పుడు, వేగంగా పరుగెత్తి ఆగేటప్పుడు కండరం సాగుతూనే బరువు మోస్తుంది. అప్పుడు దాని సన్నని పోగులు అక్కడక్కడా దెబ్బ తింటాయి. దాన్ని బాగుచేయడానికి రక్తంలోని తెల్లకణాలు అక్కడికి చేరి, పాడైన ముక్కల్ని ఊడ్చేసి, కొత్త పోగులకి చోటు చేస్తాయి. ఈ హడావుడినే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మనకి తెలిసేది వాపు, సలుపు. ఇంటికి రిపేరు చేయిస్తుంటే దుమ్ము లేవకుండా ఉంటుందా?

ఇంకో విచిత్రం చూడండి. పరుగెత్తే కండరమే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. మారథాన్ లాంటి పెద్ద పరుగుల్లో అది వంద రెట్ల దాకా పెరగవచ్చు. జబ్బు పడినప్పుడు కూడా పెరిగే పదార్థమే కాబట్టి మొదట్లో అందరూ ఇది చెడ్డదే అనుకున్నారు. కోపెన్‌హాగెన్‌లో బెంటె పెడర్సన్ అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్ళు చేసిన పరిశోధనల్లో, కండరం నుంచి వచ్చినప్పుడు ఇది వాపుని తగ్గించే పదార్థాల్ని కూడా వెంట పిలుచుకొస్తుందని తేలింది. అంటే మంట పెట్టిందీ అదే, నీళ్ళ బిందె తెచ్చిందీ అదే!

ఇక కణం లోపలి సంగతి. గుడ్డు వేడి చేస్తే తెల్లసొన గట్టిపడుతుంది కదా, ప్రోటీన్ల మడతలు విడిపోవడం వల్లే అలా జరుగుతుంది. గట్టిగా పరుగెత్తినప్పుడు ఒంట్లో వేడి, ఒత్తిడి పెరిగి మన కణాల్లో ప్రోటీన్లు కూడా కొద్ది కొద్దిగా మడత చెదురుతాయి. ఉతికిన చీరని ఇద్దరు పట్టుకుని మడత పెట్టినట్టు, వాటిని మళ్ళీ సరిచేసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. వాటి పేరు హీట్ షాక్ ప్రోటీన్లు. ఇటలీలో రిటోసా అనే శాస్త్రవేత్త అరటిపళ్ళ మీద మూగే చిన్న ఈగల మీద పని చేస్తుండగా ఎవరో పొరపాటున పెట్టె వేడి పెంచేశారట. ఈగల కణాల్లో వచ్చిన మార్పు చూసి ఆయన 1962లో ప్రకటించాడు. ఆ తీగ లాగితేనే తర్వాత ఈ ప్రోటీన్లు బయటపడ్డాయి. ప్రాక్టీస్ అలవాటయ్యేకొద్దీ కణాలు వీటిని ముందే సిద్ధం చేసుకుంటాయి. మొదటి వారం ఏడ్చిన పిల్ల మూడో నెలలో అదే పరుగు నవ్వుతూ పరుగెత్తడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి ఈ రిపేరుని మాటిమాటికీ ఆపేస్తే నష్టం. 2009లో జర్మనీలో 40 మంది యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించి, సగం మందికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు మింగని వాళ్ళలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. మింగిన వాళ్ళకి ఆ లాభం రాలేదు! ఉసిరికాయ, జామపండు మానక్కర్లేదు, అంత మోతాదు వాటిలో రాదు. డబ్బాల్లో అమ్మే పెద్ద డోసుల సంగతే నేను చెప్పేది. నొప్పి మాత్రలూ అంతే. అమెరికాలో 160 కిలోమీటర్ల పరుగు పందెంలో ఇబుప్రొఫెన్ వేసుకున్న వాళ్ళకి నొప్పులేమీ తగ్గలేదు సరికదా, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఇంకా ఎక్కువ కనిపించాయని 2006లో రాశారు. ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకీ మంచివి కావు. నెలసరి నొప్పికి డాక్టరు రాసిస్తే అది వేరే మాట.

మాత్ర కన్నా మన వంటింటి పనే ఎక్కువ ఇక్కడ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అసలే అంతంత మాత్రం. పైగా గట్టి ప్రాక్టీస్ తర్వాత ఇంటర్‌ల్యూకిన్ పెరిగిన ప్రభావంతో లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా తయారు చేస్తుంది. మూడు నుంచి ఆరు గంటల తర్వాత అది బాగా పెరిగి, తిన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. అందుకే నేను మా అమ్మాయికి గ్రౌండ్ నుంచి రాగానే అరగంటలోపు టిఫిన్ పెట్టేస్తాను. పెసరట్టు, అల్లం పచ్చడి, పక్కన ఒక జామకాయ. లేదంటే ఉడికించిన శనగల్లో నిమ్మకాయ పిండి, రెండు గుడ్లు. పులుపు తగిలితే ఐరన్ బాగా పడుతుంది. కాఫీ, టీ మాత్రం గంట తర్వాతే. ఐరన్ మాత్రలు రక్తపరీక్ష చేయించకుండా మొదలుపెట్టకండి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటు. "మా దానికి నాలుగు నెలలుగా రాలేదండీ, హాయిగా ఉంది, ప్రాక్టీస్‌కి అడ్డం లేదు" అని గోడ మీద ఒకావిడ చెప్పింది. పైగా కోచ్ గారు "గట్టిగా ఆడేవాళ్ళకి మామూలేనమ్మా" అన్నారట. మామూలు కాదండీ! ఖర్చయినంత తిండి లోపలికి వెళ్ళకపోతే శరీరం ముందు నెలసరిని ఆపేసి పొదుపు చేస్తుంది. ఆ హార్మోన్ తగ్గితే ఎముక బలహీనపడి సన్నగా చిట్లుతుంది. రిపేరు పనీ కుంటుపడుతుంది, ఊరికే జలుబులు చేస్తాయి, టైమింగ్ పడిపోతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి ఒక పేరు పెట్టి కోచ్‌లందరినీ హెచ్చరించింది. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని రాత్రి అన్నం మాన్పించే తల్లులకి ఈ ముక్క చదివి వినిపించండి. మగపిల్లల్లో నెలసరి గుర్తు లేదు కాబట్టి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది, వాళ్ళనీ ఓ కంట కనిపెట్టాలి.

మామూలు నొప్పి రెండు కాళ్ళకీ సమంగా ఉండి, మూడు రోజుల్లో తగ్గుతూ వస్తుంది. ఒకే చోట ఎముక మీద వేలు పెడితే కలుక్కుమంటే మాత్రం పరుగు ఆపించి డాక్టరుకి చూపించాలి. విపరీతమైన ప్రాక్టీస్ తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే అది కండరం కరిగి రక్తంలో కలుస్తున్న గుర్తు. పొద్దున్నదాకా ఆగకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మిగతాదానికి వంటింటి గోడ మీది కేలెండర్ చాలు. పిల్ల లేవగానే మంచం మీదే నాడి లెక్కపెట్టి ఆ తేదీ గడిలో రాయండి. రోజూ 60 ఉండేది వరసగా నాలుగు రోజులు 70 దాటితే విశ్రాంతి చాలలేదేమోనని అనుమానించి, కోచ్‌తో మాట్లాడి ప్రాక్టీస్ తగ్గించండి. నెలసరి వచ్చిన రోజున ఎర్ర పెన్నుతో చుక్క పెట్టండి. మూడు నెలలు చుక్క పడకపోతే ఆ కేలెండర్‌ని చంకన పెట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.