టపాలో వచ్చిన గృహములు

వి.పి.పి.లో తైలమో పుస్తకమో తెప్పించుకొనుట మన యిండ్లలో నెఱిగిన సంగతియే. ఇంటినే తెప్పించుకొనినవారు గలరన్నచో నమ్ముదురా? అమెరికాలో అట్టివా రనేకులు. షికాగో నగరమందలి సియర్స్ రోబక్ వర్తకసంఘమువారు 1908 మొదలు 1940 వఱకు పటములతోడి ధరలపట్టికల ద్వారా గృహముల నమ్మిరి. అట్లు అమ్ముడైనవి 70,000కు పైబడునని అంచనా.

దంపతులు పుస్తకము ముందిడుకొని నమూనా నెన్నుకొని పైకము పంపెడివారు. కొలతకు కోసి అంకెలు వేసిన కలప, తలుపులు, కిటికీలు, మేకులు, రంగులు రైలుపెట్టెలో దిగెడివి. ఒక్కొక్క యింటికి సుమారు 30,000 భాగములు. ఏ దూల మెచ్చట నమర్పవలయునో తెలుపు పుస్తకమును వెంట వచ్చెడిది. ఇటుకలు, సిమెంటు మాత్రము సమీపముననే కొనుక్కొనెడివారు.

ఆ పట్టికలపై అచ్చటి వృద్ధులకు నేటికిని మమకారము మెండు. కారణము లేకపోలేదు. పూర్వము పల్లెవారికి ఊరి అంగడివాడు చెప్పినదే ధర. 1896లో పల్లెయిండ్లకే ఉత్తరము లందించు ఏర్పాటును, 1913లో పార్సెలు టపాయు వచ్చినపిమ్మట, వంటయింట కూర్చున్న యిల్లాలు సయితము కుట్టుమిషనునకు, పొయ్యికి, గుడ్డకు వెల పోల్చి చూచుకొనగలిగెను. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారిని అంగళ్లలో కడపట నిలిపెడివారు. పుస్తకము వారి వర్ణ మడుగలేదు. పాతబడిన పట్టికలలోని బొమ్మలను బాలికలు కత్తిరించి ఆడుకొనెడివారు.

అయినను ఈ కథకు రెండవ ప్రక్క గలదు. 1911 నుండి ఆ సంఘమువారే యింటికి అప్పు నీయసాగిరి. 1929 పిమ్మట ఆర్థికమాంద్యము రాగా, పనులు పోయి వాయిదాలు తప్పినవా రెందఱో తమ చేతులతో నిలిపికొనిన యిండ్లను అప్పు క్రింద కోలుపోయిరి. ఇల్లు విడుచునాడు ఆ యిల్లాండ్ర మనస్సు లెట్లుండెనో మనకు వేఱుగ జెప్పనేల?

ఆ సంఘపు పెద్ద ధరలపట్టిక 1993లో నిలిచిపోయెను. ఇండ్లు మాత్ర మనేకము నిలిచియున్నవి. నేటి నివాసులు నేలమాళిగలో దీపము పట్టి దూలములపై అంకెలు వెదకి, కనబడినచో మురిసిపోవుదురు.

ఆ మురిపెము మాకును ముచ్చటగనే యున్నది. స్త్రీ తన యింటి నమూనాను తానే యెన్నుకొనుట చిన్నభాగ్యము గాదు. కాని అమ్మలారా, పటమును చూచి మురియుటకు ముందు కడపటి వాయిదా వఱకు లెక్క వేసికొనుటయు గృహిణి విద్యయే యని మా మనవి.