నమూనా టాంకు పట్టాలకు రంగు వేయుట

పుత్తూరు రైలు స్టేషనులో పట్టాలను పరికించినచో రెండు రంగులు కనబడును. చక్రము దొర్లు పైభాగము వెండివలె మెరయుచుండును. ప్రక్కలు ముదురు గోధుమరంగు తుప్పుతో నిండియుండును. ఇనుము ఒకటే, ఎండవానలు ఒకటే. భేదమంతయు రాపిడిలో కలదు. ప్లాస్టిక్కు టాంకు నమూనాలను కూర్చు విద్యార్థులు మొదట గ్రహింపవలసినది ఇదియే. పెక్కుమంది గొలుసు పట్టా అంతటికి నారింజరంగు పూసి తృప్తిపడుదురు. అట్టి టాంకు ఏండ్ల తరబడి కదలక పడియున్నట్లు తోచును గాని, నడచి వచ్చినట్లు తోచదు.

ఇదే రైలుమార్గమున అరక్కోణము మీదుగా చెన్నైకి పోవునపుడు ఆవడి తగులును. అచటి భారీ వాహనముల కర్మాగారమున 1965లో తొలి విజయంత టాంకు తయారైనది. పిదప టి-72 టాంకులు కూడ అచటనే నిర్మింపబడినవి. టి-72 బరువు సుమారు 41 టన్నులు, దాని పట్టా వెడల్పు 580 మిల్లీమీటర్లు. ఇంత బరువు క్రింద నేలను ఒరయు ఉక్కుపై తుప్పు నిలువజాలదు. టాంకు ఆగి తడి తగిలినచో ఇనుము, నీరు, ఆమ్లజని కలసి మరల తుప్పు ఏర్పడును. క్రొత్త తుప్పు నారింజ ఛాయగను, పాతది నల్లని గోధుమ ఛాయగను ఉండును.

1:35 నమూనాలో ఆ పట్టా వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లే. దానిని ఒక అడుగు దూరమునుండి చూచుట అసలు టాంకును 35 అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. అంత దూరమున తుప్పు మచ్చలు విడివిడిగా కనబడక ఒకే మసక రంగుగా కలసిపోవును. కావున పట్టాను సబ్బునీటితో కడిగి, ఆరిన పిదప బూడిద కలిసిన ముదురు గోధుమరంగును పలుచగా పూయవలెను. నారింజరంగు గుంతలలో అక్కడక్కడ చాలును.

తరువాత దుమ్ము. పుత్తూరు ప్రాంతపు ఎర్రమన్నుకు ఆ రంగు ఇనుప ఆక్సైడు వలననే వచ్చినది గనుక అదియే మంచి రంగుపొడి. కాని నేరుగా చల్లరాదు. అర మిల్లీమీటరు ఇసుకరేణువు ఈ నమూనాపై పదిహేడున్నర మిల్లీమీటర్ల గులకరాయి అగును! మన్నును గాజుగ్లాసెడు నీటిలో కలిపి ఒక నిమిషము నిలువ ఉంచవలెను. ఇరువదవ వంతు మిల్లీమీటరు రేణువు పది సెంటీమీటర్ల లోతు దిగుటకు సుమారు 45 సెకనులు పట్టును; అంతకు పెద్దవి ఇంకను ముందే అడుగు చేరును. రేణువు వ్యాసము రెట్టింపైన దిగు వేగము నాలుగు రెట్లగునని స్టోక్సు సూత్రము. (మరీ పెద్ద రేణువులకు ఈ లెక్క సరిపోదు.) పై బురదనీటిని వంచి ఎండబెట్టగా మిగులు మెత్తని పొడిని కుంచెతో సందులలో అద్దవలెను. నోటితో ఊదరాదు, పొడి ఊపిరితిత్తులలోనికి పోవును.

రాపిడి మెరుపు చివరి పని. మెత్తని పెన్సిలు ములికిని నేల తగులు గట్లపైనను, చక్రముల నడుమ దూరు పండ్ల ప్రక్కలను మాత్రమే రుద్దవలెను. గ్రాఫైటు పొరలు అంటుకొని ఉక్కువలె మెరయును. కొన్ని టాంకుల పట్టాలకు రబ్బరు మెత్తలుండును. అచట నేలను తాకునది రబ్బరు గనుక, పెన్సిలు తగులరాదు. మసక నలుపుపై కొంచెము ఎర్రదుమ్ము చాలును.